వర్తకుని చిట్టా ఎవరి యింట నుండవలెను?

(పుంగనూరున చిన్న వర్తకుల యెదుట చేసిన ప్రసంగపాఠము)



ఈ సభకు మమ్ము పిలిచినవారు మాకు నిర్దేశించిన విషయము పైకి చూచుటకు చిన్నది. ఉత్తరములు, బిల్లులు, లెక్కలు వ్రాసికొనుటకు కంప్యూటరులో కొని వేసికొనవలసిన ఆఫీసు సాఫ్ట్‌వేరునకు మాఱుగా, ఇంటర్నెట్టు మీదనే పనిచేయు వెబ్ ఆఫీసులు నేడు అనేకములు వచ్చినవి. వానిలో చిన్న వర్తకునికి ఏది మేలు? ఇదియే ప్రశ్న. ఒక పేరు చెప్పి మేము కూర్చుండవచ్చును. కాని ఈ ప్రశ్న వెనుక మఱియొక ప్రశ్న దాగియున్నది. మీ తాతలనాటి నుండి చిట్టాయు ఆవర్జాయు మీ దుకాణపు పెట్టెలో, మీ తాళము క్రింద నుండెను. ఇకమీదట అవి ఎవరి యింట నుండవలెను? తాళపుచెవి ఎవరి మొలను వ్రేలాడవలెను? మేము ముఖ్యముగా దీనిని గూర్చియే మాటలాడ దలచితిమి.

మొదట ఈ వెబ్ ఆఫీసు చేయు పని యేమో తెలిసికొందము. మన ప్రాంతమున దీనికి టమాటా మండీకంటె మంచి యుదాహరణము దొరకదు. చౌడేపల్లె నుండియో సోమల నుండియో రైతు సరకు తెచ్చును. వేలము జరుగును. ఎన్ని బాక్సులు, ఏ ధర, కోతలేమి, హమాలీ యెంత అని గుమాస్తా కాగితముపై వ్రాసి తక్‌పట్టీ చింపి యిచ్చును. ఆ కాగితములే సాయంకాలము యజమాని చిట్టాలోని కెక్కును. నెలాఖరున అవియే మఱల ఆడిటరుగారి కంప్యూటరులోని కెక్కును. ఒకే యంకె మూడుమాఱులు వ్రాయబడుచున్నది. మూడుచోట్లను తప్పుటకు వీలున్నది. వెబ్ ఆఫీసులోనైనచో పుట యొక్కటియే. గుమాస్తా మండీలో నిలుచుండి చేతిలోని ఫోనుపై దానిని నింపును; యజమాని ఇంట కూర్చుండి అదే పుటను అదే క్షణమున చూచును; మదనపల్లెలోని ఆడిటరు తన గదిలోనుండి దానినే చూచును. ఎవరెప్పుడు ఏ యంకెను మార్చిరో ఆ మార్పుల చరిత్రయంతయు పుట వెనుక నిలిచియుండును. కొట్టివేసిన యంకెకు పైన మఱియొక యంకె దిద్ది గుట్టుగా కూర్చుండు పాత విద్య యిచ్చట చెల్లదు. మన మండీలలో 'జాక్‌పాట్' పేరున వందకు ఇన్ని బాక్సులని యూరకే తీసికొనుచున్నారని రైతులు ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనుచున్నారు. అట్టి లెక్క రైతు ఫోనునకు కూడ తెఱచి చూపిననాడు ఎందఱు వ్యాపారులు ఈ క్రొత్త పద్ధతిని మెచ్చుకొందురో మేము చెప్పజాలము!

నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయించు యజమానికిని ఇదే యుపయోగము. ఏ మగ్గమునకు ఎంత పట్టు ఇచ్చితిమి, ఎన్ని చీరలు వచ్చినవి, ఏ నేతగానికి ఎంత ముందుగా చెల్లించితిమి అను లెక్క ఒక పుటలో నుండును. పొదుపు సంఘపు స్త్రీలకు, కిరాణా వర్తకునికి, విత్తనముల దుకాణదారునికి నట్లే. సౌకర్యమును గూర్చి వాదములేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన వింతయు కాదు. 2005లో రైట్లీ అను నొక చిన్న వెబ్ లేఖన సాధనము అమెరికాలో వెలువడెను. 2006 మార్చిలో గూగుల్ కంపెనీ దానిని కొనెను. నేటి గూగుల్ డాక్స్‌కు అదియే మూలము. అదే 2005లో, చెన్నపట్టణమున ఇంజనీర్లతో పనిచేయుచు అప్పటికి అడ్వెంట్‌నెట్ అను పేరనున్న కంపెనీ, జోహో రైటర్ అను సాధనమును వెలువరించెను. 1996లో మొదలైన ఆ కంపెనీయే 2009లో జోహో యని పేరు మార్చుకొనెను. అనగా ఈ విద్యలో మన దక్షిణదేశము పరదేశమునకు వెనుకబడి అనుకరించినది కాదు, పక్కపక్కన నడచినది. ఆఫీసు సాఫ్ట్‌వేరు రాజ్యమును అంతవఱకు ఏలుచున్న మైక్రోసాఫ్ట్ 2011లో ఆఫీస్ 365 అను పేర ఏడాదికింతయని అద్దె వసూలుచేయు పద్ధతికి దిగెను.

ఇచ్చట ఒక చేదుమాట చెప్పక తప్పదు. ఇన్నాళ్లును మనలో పెక్కుమంది అద్దెయు కట్టలేదు, వెలయు ఇయ్యలేదు. కంప్యూటరు అమ్మినవాడు దొంగప్రతిని వేసి యిచ్చెను, మనము పుచ్చుకొంటిమి. పరదేశపు కంపెనీ సొత్తే గదా, పోయిన నేమి యని సమాధానము చెప్పుకొంటిమి. ఇది స్వదేశీ కాదు. ఇతరుని బట్ట దొంగిలించి కట్టుకొనుట ఖద్దరు ధరించుట యగునా? పైగా ఆ దొంగప్రతుల వెంట వైరసులు వచ్చి చిట్టాలను పాడుచేసిన దుకాణము లెన్నియో. కొనలేనివానికి ధర్మమైన మార్గము అప్పుడును ఉండెను, ఇప్పుడును ఉన్నది. లిబ్రే ఆఫీసు అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు 2010 నుండి అందఱికి ఉచితముగా దొరకుచున్నది. దాని ఆజ్ఞలు, పట్టికలు తెలుగులోనే కనబడునట్లు కూడ చేసికొనవచ్చును.

ఇక 'ఉచితము' అను మాటను గూర్చి కొంత నిలిచి ఆలోచింపవలసియున్నది. 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ళెగారు స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి సింహళమునకు ఓడలు నడిపిన సంగతి మీరెఱుగుదురు. ఆంగ్లేయుల ఓడకంపెనీ దాని నెట్లెదుర్కొనెను? మొదట కిరాయి తగ్గించెను. పిదప ఊరకే ఎక్కించుకొని పోదుమనెను. అంతటితో నాగక ఎక్కినవారికి గొడుగులు కూడ పంచిపెట్టెను. 1908లో పిళ్ళెగారు చెఱసాలపాలైరి. 1911 నాటికి స్వదేశీ కంపెనీ మూతపడెను. అటుపిమ్మట ఉచితపు ప్రయాణమును లేదు, గొడుగును లేదు.

నేటి వెబ్ ఆఫీసులలోని ఉచితము అచ్చముగా ఆ గొడుగే యని మేము చెప్పబోము. గూగుల్ ఖాతా తెఱచినవానికి 2013 నుండి 15 గిగాబైట్ల చోటు ఉచితముగా దొరకుచున్నది. దానివలన లాభపడినవారు కోట్లకొలది కలరు. కాని గొడుగు కథ తలపునకు వచ్చు సంఘటన యొకటి కలదు. చిన్న సంస్థలు తమ సొంత పేరుతో మెయిలు, డాక్యుమెంట్లు పెట్టుకొనుటకు 2006 నుండి గూగుల్ ఒక ఉచిత పథకమును నడిపెను. 2012 డిసెంబరులో క్రొత్తవారిని చేర్చుకొనుట మానెను. 2022 జనవరిలో పాతవారు కూడ డబ్బు కట్టి మాఱవలసినదే యని ప్రకటించెను. పెద్ద గగ్గోలు పుట్టగా, సొంతమునకు వాడుకొనువారికి మాత్రము సడలింపు దొరకెను. వ్యాపారమునకు వాడుకొనువారికి దొరకలేదు. అప్పటికి పదియేండ్లకు పైబడిన ఉత్తరములు, లెక్కలు ఆ గూటిలో నుండెను. వెల యెంతయని బేరమాడుటకు వర్తకునికి ఎచ్చట చోటున్నది? లాగివైచికొని పోగల దారి ముందే చూచియుంచుకొనినవాడు బేరమాడెను, తక్కినవారు కట్టిరి.

వెల పెరుగుట యొక చిక్కు. తలుపే మూతపడుట వేఱొక చిక్కు. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య నయారా ఎనర్జీ అను కంపెనీపై ఆంక్షలు విధించెను. గుజరాతులోని వాడినార్‌లో దానికి నూనెశుద్ధి కర్మాగారము కలదు; దేశమందంతటను ఆఱువేలకు పైగా పెట్రోలు బంకులు కలవు. రష్యా కంపెనీకి దానిలో భాగముండుటయే ఆంక్షలకు కారణము. భారతదేశమున ఏ న్యాయస్థానమును ఏ యుత్తరువును ఈయకయే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ ఉద్యోగుల మెయిలును, ఇతర సేవలను నిలిపివేసెను. డబ్బు పూర్తిగా చెల్లించి కొన్న లైసెన్సులే, మా సొంత సమాచారమే మాకు అందనీయకున్నారని నయారా ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టెను. నెల ముగియకముందే సేవలు తిరిగి వచ్చినవి. ఆ నడుమ ఆ కంపెనీ మన దేశపు రెడిఫ్ మెయిలుతో కాలము గడిపినట్లు వార్తలు వచ్చినవి. ఆ యుద్ధములో ఎవరిది న్యాయమో మేమిచ్చట తీర్పు చెప్పుట లేదు. అంత పెద్ద సంస్థకు హైకోర్టు న్యాయవాదులుండిరి. పుంగనూరులో ఎరువులమ్ము వర్తకునికి ఎవరున్నారు? ఏ కంప్యూటరో పొరపాటున ఆయన ఖాతాను అనుమానించి మూసివేసినచో, ఏ ఊరికి పోయి ఎవరితో మొఱపెట్టుకొనవలెను?

మన పొరుగుననే మఱియొక పాఠము కలదు. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకార్డు అను అమెరికా కంపెనీ అప్పటి రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి కుప్పమున ఐ-కమ్యూనిటీ యను కార్యక్రమమును మూడేండ్ల గడువుతో ఆరంభించెను. గ్రామములలో సమాచార కేంద్రములు తెఱవబడెను. పొదుపు సంఘముల స్త్రీలకు కెమెరాలును, సూర్యశక్తితో నడచు ప్రింటర్లును ఇచ్చి వారిని ఫోటోగ్రాఫర్లను చేసిరి. ఎక్కడెక్కడి పండితులో వచ్చి చూచి గ్రంథములు వ్రాసిరి. గడువు తీరినది, కంపెనీ తన దారిని తాను పోయినది. అందు ద్రోహమేమియు లేదు, గడువు మొదటనే చెప్పిరి. ఆ స్త్రీలు నేర్చిన నేర్పు వారి చేతులలో మిగిలినది. కంపెనీ చేతిలో నున్నది కంపెనీతో పోయినది. మన లెక్కలు ఈ రెండింటిలో ఏ వైపున నుండవలెనో కుప్పము మనకు చూపినది.

కావున జోహో వాడుడు, స్వదేశీ గనుక, అని మేము చెప్పి ముగింతుమని మీలో కొందఱు తలచుచుందురు. జోహోను గూర్చి మాకు గౌరవము కలదు. దాని స్థాపకులలో నొకరైన శ్రీధర్ వెంబుగారు బయటివారి పెట్టుబడి తీసికొనకయే దానిని పెంచిరి. పెద్ద నగరములను వదలి తెన్‌కాశి పల్లెలకు పనిని తీసికొనిపోయిరి. మనకు దాపుననున్న రేణిగుంటలో కూడ ఆ కంపెనీ కార్యాలయము కలదు. భారతీయుల లెక్కలను ముంబయి, చెన్నపట్టణములలోని యంత్రములయందే ఉంచుచున్నారు. 2025 సెప్టెంబరులో కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్‌గారు తాము జోహోకు మాఱుచున్నామని ప్రకటించిరి. ఆ తరువాత విద్యామంత్రిత్వశాఖ తన యుద్యోగులను అదే వాడుకొమ్మని యుత్తరువు చేసెను. మన చేతి వస్తువు సమానముగా నున్నచోట పరాయి వస్తువును కొనుట మాకు సమ్మతము కాదు. లెక్కల పుస్తకము మాటకు వచ్చినచో, బెంగుళూరున ఒక వ్యాపారికి తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేరు దొరకక పోగా కుమారుడు భరత్ గోయెంకా వ్రాసిన టాలీ 1986 నుండి మన ఊరూర నిలిచియున్నది గదా! దానిని తీసివేయుమని ఏ వెబ్ ఆఫీసువాడు చెప్పినను వినకుడు. లెక్కల పని వేఱు, ఉత్తరములు పట్టికల పని వేఱు.

అయినను స్వదేశీ ముద్ర చూచి కన్నులు మూసికొనుట వర్తకధర్మము కాదు. స్వదేశపు కంపెనీయు రేపు వెల పెంచవచ్చును, చేతులు మాఱవచ్చును, మూతపడవచ్చును. తూత్తుకుడి ఓడలు స్వదేశీయే, మునిగినది వాటా కొన్నవారి సొమ్మే. అందుచేత మేము కంపెనీ పేరుకంటె ముందు అడుగు ప్రశ్న వేఱు: నా చిట్టాను నేను కోరినప్పుడు పూర్తిగా బయటికి తీసికొనవచ్చునా? తీసికొనినదానిని మఱియొకని సాఫ్ట్‌వేరులో తెఱచి చదువవచ్చునా?

ఈ ప్రశ్నపై మన దేశము ఒకమాఱు గట్టిగా నిలిచియున్నది. పత్రములను దాచు బహిరంగ పద్ధతి యైన ఓడీఎఫ్ 2006లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. తన పద్ధతిని కూడ ప్రమాణముగా అంగీకరింపుడని మైక్రోసాఫ్ట్ ప్రపంచమంతటను ప్రయత్నించెను. భారతదేశము 2007లోను 2008లోను వలదనియే ఓటు వేసెను. అధికసంఖ్యాకులు అంగీకరించిరి గనుక అది నెగ్గినది. ఓటు ఓడినను బుద్ధి మిగిలినది: 2010లో మన ప్రభుత్వము తన కార్యాలయములకు బహిరంగ ప్రమాణముల విధానమును ప్రకటించెను. వర్తకునికి దీని యర్థము సులభము. గూగుల్, జోహో, మైక్రోసాఫ్ట్ మూడింటిలోను పట్టికను ఓడీఎస్ గానో, సీఎస్‌వీ గానో దింపుకొను వీలు కలదు. ఆ వీలును వాడుకొనువాడు అద్దెయింట నున్నను తన సామాను తనది. వాడుకొననివాడు సొంతయింట నున్నట్లు భ్రమపడుచున్నాడు.

మీ లెక్కలన్నియు నొక్కనాడు ఎక్కింపకుడు. పదిదినముల లెక్క వ్రాయుడు. దానిని దింపి, ఇంటర్నెట్టు తీసివేసిన కంప్యూటరులో లిబ్రే ఆఫీసుతో తెఱవుడు. మొత్తములు సరిపోయినవా? తెలుగు పేర్లు చెదరలేదా? సరిపోయిన పిమ్మటనే ముందుకు సాగుడు. గుమాస్తాతో ఫోనుపై పనిచేయించువారికి గూగుల్ పట్టిక అన్నిటికంటె సులువుగా నలవడునని ఒప్పుకొనవలసినదే. నలుగురైదుగురు పనివారుండి సొంత పేర మెయిలు కావలసినవారు ముందుగా జోహోను పరీక్షింపుడని మా సలహా. బ్యాంకులు, పెద్ద కంపెనీలు పంపు పత్రములను వారు పంపిన రూపముననే తిరిగి పంపవలసినవారికి మైక్రోసాఫ్ట్ వెబ్ ఆఫీసు అప్పుడప్పుడు అక్కరకు వచ్చును. సంఘముగా నేర్పడి సొంత యంత్రమును పెట్టుకొనగలవారికి నెక్స్ట్‌క్లౌడ్, కొల్లబొరా వంటివి కలవు; ఒంటరి దుకాణదారునికి ఆ శ్రమ తగదు.

మన ఊళ్లలో జరుగుచున్న పెద్ద పొరపాటు వేఱొకటి. ఖాతాను యజమాని తెఱవడు. నెట్ సెంటరు కుఱ్ఱవాడో, గుమాస్తాయో తన ఫోను నెంబరుపై తెఱచి యిచ్చును. ఆతడు పని మానినాడు చిట్టా ఆతని జేబులో పోవును. ఇందు అమెరికాను నిందించి ప్రయోజనములేదు. ఖాతా యజమాని పేర, యజమాని నెంబరుపై నుండవలెను. పనివారికి పుటలో వ్రాయు హక్కు మాత్రమే ఈయవలెను, మానిననాడు ఆ హక్కును తీసివేయవలెను. లంకె దొరకినవారందఱు చూడవచ్చునను అనుమతి నిచ్చి వాట్సాప్‌లో పంపుట, ఆవర్జాను బస్టాండులో పఱచి కూర్చుండుట వంటిది. మఱియు గూగుల్ రెండేండ్లు తెఱచి చూడని సొంత ఖాతాలను 2023 డిసెంబరు నుండి తొలగింపవచ్చునని నియమము చేసెను. మన జి.ఎస్.టి. చట్టమో, వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు లెక్కలు భద్రపఱచుమనుచున్నది. దుకాణము మూసినవాడు కూడ ఈ రెండు నియమములను పక్కపక్కన పెట్టి చూచుకొనవలెను. నెలకొకమాఱు దింపి పెన్‌డ్రైవులో పెట్టి, ఆ పెన్‌డ్రైవును పాత చిట్టాపెట్టెలోనే, పాత తాళము క్రిందనే ఉంచుడు.

చివరకు తెలుగును గూర్చి. మన డీటీపీ దుకాణములలో అను ఫాంట్లతో తయారైన బిల్లులు, కరపత్రములు, ఒప్పందపు కాగితములు పెక్కు కలవు. అవి అచ్చులో అందముగా నుండును. వెబ్ ఆఫీసులో ఎక్కించినచో అక్షరములు పోయి అర్థములేని గుర్తులు కనబడును. ఏలయన అవి తెలుగు అక్షరములుగా దాచబడలేదు, తెలుగు బొమ్మను తగిలించిన ఇంగ్లీషు గుర్తులుగా దాచబడినవి. యూనికోడులో 1991 నుండియే తెలుగునకు స్థానము కలదు. ఫోనుపై మనము వ్రాయునది అదియే. అట్లు వ్రాసిన పుటలో రైతు పేరు వెదకిన క్షణములో దొరకును. పాత కాగితముల నన్నిటిని యూనికోడులోనికి మార్పింపనక్కఱలేదు. బాకీ తీరని ఖాతాలును, ఏటేట మఱల వాడు ఒప్పందపు పత్రములును మార్పించిన చాలును; ఆ పని చేయు మార్పిడి సాధనములు ఉచితముగనే దొరకును. మార్చిన పిదప అంకెలను మాత్రము పాత కాగితముతో నొకమాఱు కన్నులతో సరిచూచుకొనుడు.